ఎఫ్ ఫైవ్ నొక్కిన నవ్వు

మే 9, శుక్రవారం

పొద్దున్నుంచి ముళబాగిలు పెళ్ళి ఆల్బమ్ మీదే ఉన్నాను. అమ్మాయి తరఫువాళ్ళు మా ఊరి చుట్టుపక్కల వాళ్ళే. ఎవరూ చెప్పక్కర్లేదు, పళ్ళు చూస్తే తెలిసిపోతుంది.

స్టూడియోలో నా ఉద్యోగం నవ్వులు తెల్లగా చేయడం. మా ఓనరు వసంతన్న కంప్యూటర్‌లో ఒక షార్ట్‌కట్ పెట్టాడు. ఎఫ్ ఫైవ్ నొక్కి పళ్ళ మీద మౌస్ తిప్పితే చాలు, గోధుమరంగు పోయి తెలుపొస్తుంది. మా వైపు పెళ్ళయితే అడిగే పని కూడా లేదు. ముందు ఎఫ్ ఫైవ్, తర్వాతే చీర రంగూ పూల రంగూ. సేవ్ చేసేది అసలు ఫోటో మీదే. ఒక్కో ఫోటోకి రెండేసి కాపీలు దాచడానికి డిస్కులో చోటు యాడుండాది అని వసంతన్న గోల. రాబర్ట్‌సన్‌పేటలో ఇంత మంచి ఓనరు ఇంకొకడు దొరకడు, కానీ డిస్కు మాటెత్తితే మాత్రం మండిపడతాడు.

మాది బైరకూరు దగ్గర పల్లె. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్. చిన్నప్పుడు ఆ నీళ్ళు తాగినవాళ్ళందరికీ పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు. తోమితే పోవు, బొగ్గు పెట్టినా పోవు, ఉప్పు పెట్టినా పోవు. నేను అన్నీ పెట్టి చూశాను. ఇప్పుడు ఊళ్ళో ఫిల్టర్ నీళ్ళ మెషీను వచ్చింది. మాకు పళ్ళన్నీ వచ్చేశాక వచ్చింది. చాలా సంతోషం.

కాలేజీలో ఒకమ్మాయి నా పుట్టినరోజుకి టూత్‌పేస్ట్ ఇచ్చింది. రంగు కాగితం చుట్టి, రిబ్బన్ కట్టి మరీ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, చెయ్యి అడ్డం పెట్టుకుని. అప్పటి నుంచి నవ్వొస్తే కుడిచెయ్యి దానంతటదే లేస్తుంది. నా చెయ్యే గానీ నా మాట వినదు.

మే 13, మంగళవారం

తమ్ముడు గిరీశ్ ఊరి నుంచి స్టూడియోకి వచ్చాడు. బీకాం అయిపోయింది. బెంగళూరు మాల్‌లో ఫోన్ల షోరూమ్ వాళ్ళకి సేల్స్‌లో కుర్రాళ్ళు కావాలట. దరఖాస్తుతో పాటు స్మైలింగ్ ఫోటో పంపాలట. ఎవరు కనిపెట్టారో ఈ స్మైలింగ్ ఫోటోని.

వసంతన్న ఎన్నిసార్లు నవ్వప్పా నవ్వప్పా అన్నా వాడు పెదాలు అతికించుకునే కూర్చున్నాడు. వసంతన్నకి వీడు నేను పనిలో చేరినప్పటి నుంచీ తెలుసు. వీడి పళ్ళు ఒక్కసారి కూడా చూసి ఉండడు. విసుగొచ్చి వసంతన్న టీకి పోయాడు. కెమెరా నేను తీసుకున్నాను. మన నల్లావు నాయిన కొత్త పంచె నమిలేసిన రోజు, నాయిన తువ్వాలు కట్టుకుని పాలడెయిరీకి పోయిన సంగతి గుర్తు చేశాను. నోరంతా తెరిచి నవ్వాడు.

నా ముందు వాడి చెయ్యి లేవదు. వాడి ముందు నాదీ లేవదు. ఇద్దరం ఒకే బోరు నీళ్ళు తాగాం. ఒకే రంగు, పై పళ్ళ మీద అడ్డంగా ఒకే గీత. ఇంక దాచుకోవడానికి ఏముంది.

ఎఫ్ ఫైవ్ నొక్కాను. సొంత తమ్ముడు కదా, జాగ్రత్తగా చేశాను. అంచుల్లో కొంచెం నీడ వదిలాను, అచ్చం నిజం పళ్ళలాగే వచ్చాయి. స్క్రీన్ మీద చూసి, ఈడెవుడక్కా, శానా బాగుండాడే, ఈడికెవురన్నా పిల్లనిస్తారు అన్నాడు. ఇద్దరం బాగా నవ్వుకున్నాం. తర్వాత చాలాసేపు స్క్రీన్ చూస్తూ నిలబడ్డాడు. పోయేటప్పుడు, వాణ్ణి నా ఫోన్‌కి పంపించు అన్నాడు.

వాణ్ణి అన్నాడు. ఫోటో అనలేదు.

మే 16, శుక్రవారం

ఇంటర్వ్యూకి రమ్మని ఫోన్ వచ్చిందట. మీ ఫోటో చాలా బాగుందని కూడా అన్నారట.

మే 19, సోమవారం, సాయంత్రం

గిరీశ్ బెంగళూరు నుంచి ఫోన్ చేశాడు. ఇప్పుడే పెట్టేశాడు. రాయకుండా ఉండలేను.

లోపలికి పోయి గుడ్ మార్నింగ్ సర్ అన్నాడట. అంతే, మేనేజరు వాడి నోటివైపే చూశాడట. తన ఫోన్‌లో దరఖాస్తు ఫోటో తెరిచి, ఆ ఫోన్‌ని వాడి చెంప పక్కన పెట్టి, అటూ ఇటూ చూశాడట. ఇంకో ఇద్దర్ని పిలిచి చూపించాడట. నీ బదులు ఎవరినైనా ఫోటో దిగమని పంపినావా అని కన్నడంలో అడిగాడట. వాళ్ళలో ఒకమ్మాయి పక్కకి తిరిగి నవ్వుకుందట. పళ్ళు క్లీన్ చేయించుకుని రా, అప్పుడు చూద్దాం అని పంపేశారట.

ఇదంతా నవ్వుతూనే చెప్పాడు. కానీ నాకు తెలుసు. చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వితే గొంతు వేరేగా ఉంటుంది. నాతో మాట్లాడుతూ వాడు చెయ్యి అడ్డం పెట్టుకోవడం ఇదే మొదటిసారి.

పోనీలేరా, ఆ షాపు కాకపోతే ఇంకో షాపు అన్నాను. ఆ ఫోటో చేసింది నేనే కదరా అని అనలేదు. వాడూ అనలేదు. బస్సెక్కుతా ఉండా, అమ్మకి చెప్పొద్దు అని పెట్టేశాడు.

మే 20, మంగళవారం, పొద్దున

నాయిన ఫోన్ చేశాడు. తమ్ముడు నీ దగ్గిరికేమన్నా వచ్చినాడా అమ్మా, ఇంగా ఇంటికి రాలేదే అన్నాడు. వాడి ఫోన్ స్విచాఫ్.

చిన్నమ్మకి చెప్పి ఊరికి బయలుదేరుతున్నాను. కోరమండల్ గనుల కాలనీలో నేనుండేది ఉమాదేవి చిన్నమ్మ ఇంట్లోనే, వాళ్ళ మామగారు బంగారు గనిలో పనిచేసినప్పటి లైన్ ఇల్లు. ఎవరైనా స్నేహితుడి ఇంట్లో ఉంటాడులే, మగపిల్లోడు, భయపడొద్దు అంటోంది చిన్నమ్మ. అంటూనే నా సంచిలో ఉప్మా డబ్బా రెండుసార్లు పెట్టి, రెండుసార్లు తీసింది.

మే 20, సాయంత్రం

పోలీస్ స్టేషన్‌కి పోయి వచ్చాం. ముఖం క్లియర్‌గా కనపడే కొత్త ఫోటో కావాలన్నారు. నా ఫోన్‌లో అలాంటిది అదొక్కటే ఉంది. మిగతావన్నీ ఎటో చూస్తున్నవి, పెదాలు బిగించుకున్నవి, చెయ్యి అడ్డం పెట్టుకున్నవి. ఇచ్చేశాను.

గుర్తులు అడిగారు. మోకాలి మీద ఎద్దు కొమ్ము తగిలిన మచ్చ ఉండాది, మెడ మీద పుట్టుమచ్చ ఉండాది అని నాయిన చెప్పాడు. పళ్ళ సంగతి నాయినకి తట్టనే లేదు. మా ఊళ్ళో అది గుర్తు కాదు, అందరికీ ఉండేదే. నాకు తట్టింది. ఎదురుగా ఇద్దరు కానిస్టేబుళ్ళు. నేను అప్పటికే చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడుతున్నాను. చెప్పలేదు.

వసంతన్నకి ఫోన్ చేస్తే వెంటనే అదే ఫోటోతో పోస్టర్ చేసి, తెలిసిన గ్రూపులన్నిటికీ పంపాడు. ప్రింట్లు బస్సులో వేసి పంపాడు. నా నంబర్ పెట్టమన్నాను. ఆడపిల్ల నంబరు ఊరూరా తిప్పేది వద్దని నాయినా వసంతన్నా ఒకటే పట్టు. నాయిన ఫోన్ గుడ్డసంచిలో ఉంటుంది, సంచి పశువుల పాకలో ఉంటుంది. చివరికి స్టూడియో నంబర్ పెట్టారు.

మే 21, బుధవారం

పోస్టర్లు వచ్చాయి. ఒకటి అమ్మకి చూపించాను. చేతిలోకి తీసుకుని, దూరం పెట్టి, దగ్గర పెట్టి చూసి, ఎవురి బిడ్డమ్మా ఈడు అంది. గిరీశే కదమ్మా అన్నాను. మావాడు కాదు, మావాడు ఇట్ల నవ్వడు అంది.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఇదేమన్నా ఇప్పుడు వంకలు పెట్టే సమయమా అని అరిచాను. అమ్మ పోస్టర్ మడిచి నా చేతికిచ్చి, మల్బరీ ఆకు దగ్గరికి వెళ్ళిపోయింది. పట్టుపురుగులు నాలుగోసారి పొర విడిచి జ్వరం లేచాయి. ఇప్పుడు ఒక్క పూట ఆకు తప్పినా పంట పోతుంది. ఇంట్లో మనిషి లేకపోయినా వాటికి ఆకలే. షెడ్డంతా వాన పడుతున్నట్టు నమిలే చప్పుడు. ఆ చప్పుడు వింటూ నాయిన ఆకు కోస్తూనే ఉన్నాడు. వేలు తెగింది కూడా చూసుకోలేదు.

మే 22, గురువారం

అమ్మ కురుడుమలె వినాయకుడికి మొక్కుకుంది. ఫోన్ రాలేదు.

మే 23, శుక్రవారం, రైల్లో

రైలు కుదుపుల్లో రాస్తున్నాను, తర్వాత నాకే అర్థం కాకపోతే కాకపోనీ.

ఇంకా పోస్టర్లు కావాలని పొద్దున స్టూడియోకి వచ్చాను. వసంతన్న టీ తెప్పించాడు. ఫోన్లేమైనా వచ్చాయా అన్నా అని అడిగాను. సరైనది ఒకటీ రాలేదన్నాడు. మాలూరు నుంచి ఒకడు తాగి చేశాడట. మొన్న బెంగళూరు ఆసుపత్రి నుంచి ఎవరో నర్సు చేసిందట. పేరు తెలియని పేషెంటు ఉన్నాడు, వయసూ ఎత్తూ సరిపోయేలా ఉన్నాయి, ముఖం వాచిపోయి పోల్చుకోవడానికి లేదు, కానీ పళ్ళన్నీ గోధుమరంగుగా ఉన్నాయి, మీవాడివి అట్లా ఉంటాయా అని అడిగిందట. వసంతన్న గోడ మీది పోస్టర్ చూసి, లేదు మేడమ్, మావాడివి చక్కటి పళ్ళు అని చెప్పి పెట్టేశాడట. ఇంగ ఎవురి బిడ్డో పాపం అన్నాడు, టీ గ్లాసు నాకిస్తూ.

గ్లాసు అందుకున్నానో లేదో తెలీదు. కింద పగిలి ఉంది.

మావాడివి ఇట్లే ఉంటాయన్నా అని అరిచాను. ఇట్లే, ఇట్లే అని రెండు వేళ్ళతో పెదవి పైకి లాగి చూపించాను. షాపులో కస్టమర్లు ఉన్నారు. ఎవరో ఆడమనిషి బిడ్డని దగ్గరికి లాక్కుంది. వసంతన్న నా నోట్లోకి చూశాడు, పోస్టర్ వైపు చూశాడు, మళ్ళీ నా నోట్లోకి చూశాడు.

ఎఫ్ ఫైవ్ పెట్టిందే ఆయన. అయినా గోడ మీద బొమ్మ చూసి నమ్మేశాడు. నేను అంత బాగా చేశాను.

నర్సు నంబరు ఫోన్‌లో ఉంది. చేసి, అతను ఇంకా ఉన్నాడా అని అడిగాను. ఉన్నాడు అంది. ఆ ఒక్క మాట పట్టుకుని బెంగళూరు రైలెక్కాం, నేనూ చిన్నమ్మా. ఇంకొకరి బిడ్డ అయి ఉండొచ్చు కదా అని చిన్నమ్మ నెమ్మదిగా అంటోంది. నన్ను ఓదారుస్తోందో భయపెడుతోందో ఆవిడకే తెలియడం లేదు.

మే 23, సాయంత్రం

మంచానికి కట్టిన అట్ట మీద పేరు దగ్గర అన్‌నోన్ అని రాసి ఉంది.

నేను పోల్చుకోలేకపోయాను. సొంత తమ్ముణ్ణి. ముఖం గుమ్మడికాయంత వాచింది, కళ్ళు రెండు గీతలు, తల గొరిగేశారు. వీడు కాదేమో అనుకున్నాను. దేవుడా, కాకపోతే బాగుండు అని కూడా అనుకున్నాను. అప్పుడు పెదవి కొంచెం కదిలింది. పైన ముందు పళ్ళు రెండూ లేవు. పక్క పళ్ళు కనిపించాయి. ఆ రంగు. సగంలో తెగిపోయిన ఆ అడ్డగీత.

మంచం అంచున కూర్చుని వాడి ఎడమచెయ్యి పట్టుకున్నాను.

నర్సు పేరు అర్పిత. నాకంటే చిన్నదేమో. సోమవారం సాయంత్రం బస్టాపు దగ్గర ఏదో బండి గుద్ది వెళ్ళిపోయిందట. ఎవరో అంబులెన్సుకి చెప్పారట. బ్యాగూ ఫోనూ అప్పటికే మాయం. దవడ విరిగింది, మాట్లాడలేడు. కుడిచెయ్యి విరిగింది, రాయలేడు. రెండో రోజు నుంచి తెలివిలోనే ఉన్నాడట, అన్నీ వింటాడట, ఏదైనా అడిగితే మాత్రం తల తిప్పేసుకుంటాడట. మీకు ఫోన్ చేశాను కదా, మీరే కాదన్నారు కదా అంది. కోపంగా అనలేదు, మామూలుగానే అంది. తల తీసేసినట్టయింది.

తెలివిలో ఉన్నాడు. అన్ని రోజులూ తెలివిలో ఉండి, అన్‌నోన్ అట్ట కింద పడుకుని ఉన్నాడు. మేము అక్కడ ఊరూరా ఎవడి బొమ్మో అంటిస్తున్నాం.

మే 24, శనివారం

అమ్మ వచ్చింది. వార్డు గుమ్మంలో నుంచే, దుప్పటి బయటున్న పాదం చూసి, నా కొడుకు అంది.

జూన్ 2, సోమవారం

దవడకి ఆపరేషన్ అయింది. పై పళ్ళూ కింది పళ్ళూ కలిపి తీగలతో కట్టేశారు. స్ట్రాతో గంజి. ఎడమచేత్తో ఫోన్‌లో ఒక్కో అక్షరం కొడతాడు. ఉప్పు, నీళ్ళు, ఫ్యాను. అంతకు మించి ఏమీ చెప్పడు.

వసంతన్న వచ్చాడు. సంచి నిండా ద్రాక్షపళ్ళు తెచ్చాడు. నమలలేడు కదా అని ఎవరూ చెప్పలేదు. మంచం పక్కన నిలబడి తప్పయిపోయిందప్పా అని రెండు మాటలన్నాడు, మూడోది రాలేదు. గిరీశ్ కళ్ళు మూసుకున్నాడు. వసంతన్న పోతూ పోతూ నాతో, ఎఫ్ ఫైవ్ తీసేసినానమ్మా, ఇంగ ఆ పని మన స్టూడియోలో వద్దు అన్నాడు.

నాకు ఆయన మీద కోపం రావడం లేదు. అందుకే భారమంతా నా మీదే పడుతోంది.

జూన్ 18, బుధవారం

ఈరోజు ఇంకో షాక్.

గిరీశ్ ఇంటికి చేరాడు కదా అని నేను పనికి వచ్చేశాను. ముళబాగిలు ఆల్బమ్ ఇంకోటి. ఎఫ్ ఫైవ్ లేకుండా, ఉన్నవి ఉన్నట్టు పెట్టి ఇచ్చాను. నాకే గర్వంగా కూడా అనిపించింది. మధ్యాహ్నం పెళ్ళికూతురే వచ్చింది, ఆల్బమ్ చంకలో పెట్టుకుని. నోటికి కొంగు అడ్డం. నా ముందు కూర్చుని ఏడ్చింది. అత్తగారింట్లో అందరూ చూసేది అక్కా, మీరూ మావూరోళ్ళే గదా, మీకు తెలీదా అంది.

తెలీదా అంది నన్ను పట్టుకుని.

వసంతన్నని అడిగి ఎఫ్ ఫైవ్ మళ్ళీ పెట్టించాను. ఒక్కో పేజీ ఆమె చూస్తుండగానే చేసి ఇచ్చాను. చివరికి ఆమె నవ్వింది, కొంగు తీయకుండా. నేనెవరిని, వద్దనడానికి. కానీ అసలు ఫోటోలు వేరే ఫోల్డర్‌లో దాచాను. డిస్కు నిండిపోయినా సరే. వసంతన్న చూశాడు, ఈసారి డిస్కు మాటెత్తలేదు.

ఆమె పోయాక పాత డిస్కులన్నీ వెతికాను. గిరీశ్ నోరు తెరిచి నవ్విన ఫోటో, దిద్దనిది, ఒక్కటంటే ఒక్కటి లేదు.

జూలై 7, సోమవారం

తీగలు తీశారు. మాట కొంచెం ముద్దగా వస్తోంది, కానీ వస్తోంది.

ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో వెనక సీట్లో కూర్చున్నాం. ఇన్నాళ్ళూ అడగలేకపోయింది అడిగాను. నర్సు నీకు పోస్టర్ చూపించలేదారా అని.

చూపించింది అన్నాడు.

ముందు వసంతన్నకి ఫోన్ చేసిందట, వాడి మంచం పక్కనే నిలబడి, స్పీకర్ పెట్టి. మావాడివి చక్కటి పళ్ళు అనడం వాడు చెవులారా విన్నాడట. గొంతు కూడా పట్టేశాడట. సరే, వాళ్ళకి ఆ చక్కటి పండ్లోడే కావాల, వాణ్ణే ఎతుక్కోనీ అనుకున్నాడట. నర్సుకి ఇంకా అనుమానం తీరక, ఫోన్‌ని వాడి చెంప పక్కన పెట్టి, ఫోటో వైపూ వాడి వైపూ మార్చి మార్చి చూసిందట. మళ్ళీ ఆ షోరూమ్‌లోనే నిలబడినట్టు అయిపోయిందట వాడికి. ఇది నువ్వేనా అని అడిగితే తల అడ్డంగా ఊపాడట.

కాదని చెప్పినావా అని అడిగాను.

అది నేను కాదు గదక్కా అన్నాడు.

బస్సు ఊగుతోంది, ముందు సీట్లో ఎవరిదో కోడి బుట్టలో కూస్తోంది, నేను మాత్రం అక్కడ లేను. ఆ మంచం పక్కన ఉన్నాను. వాడు కావాలనే తల ఊపాడు. ప్రాణం పోతుందని భయం వేయలేదారా అని ఎలాగో అడిగాను. వేసింది, కానీ ఆ బొమ్మ పక్కన మళ్ళీ మొగం పెట్టేదానికన్నా అదే మేలనిపించింది, ఆ పొద్దుకి అంతే, ఇప్పుడు అట్ల లేదులే, ఏడవొద్దు అన్నాడు.

ఏడుపు ఆగలేదు. నాకు వాణ్ణి కొట్టాలనిపించింది, పట్టుకోవాలనిపించింది. రెండూ చేశాను. బస్సులో అందరూ చూశారు. చూస్తే చూడనీ.

ఆగస్టు 11, సోమవారం

గిరీశ్‌ని డెంటల్ కాలేజీలో పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. పోయిన రెండు ముందు పళ్ళూ పెట్టించాలి. డాక్టరు పేరు సునీల్‌కుమార్, కొత్తగా చదువు ముగించినట్టున్నాడు, తొందర లేని మనిషి. పళ్ళ రంగుల పట్టీ ఒకటి తీశాడు. చిన్న చిన్న పళ్ళు వరసగా గుచ్చి ఉన్నాయి. పాల తెలుపు, మీగడ తెలుపు, కొంచెం పసుపు కలిసింది. దాన్ని గిరీశ్ నోటి పక్కన పెట్టి చూశాడు. వాడి ఒళ్ళు బిగుసుకుంది. నేను లేచి నిలబడ్డాను. డాక్టరుకి ఏమీ తెలీదు కదా.

ఏ రంగూ కలవలేదు. తెల్లవి రెండు పెడితే మిగతా పళ్ళ మధ్య కొట్టొచ్చినట్టు కనిపిస్తాయన్నాడు. కావాలంటే మిగతా ముందు పళ్ళు కూడా కొంచెం అరగదీసి అన్నిటికీ తెల్ల తొడుగులు వేయొచ్చు, చాలామంది వేయించుకుంటారు, అందులో తప్పేమీ లేదు అన్నాడు. నిర్ణయం మీదే అని గిరీశ్ వైపు చూశాడు.

నేనయితే ఏం చెప్పేదాన్నో నాకు తెలుసు. తెల్లవి అనేదాన్ని.

వాడు నాలుకతో పక్క పళ్ళు తడుముకున్నాడు. ఉన్నవి బాగానే నములుతా ఉండాయి సార్, వాటిని ఎందుకు అరగదీసేది, ఆ రెండూ వీటి మాదిరే పెట్టండి అన్నాడు. నా వైపు తిరిగి, మళ్ళీ తప్పిపోతే గుర్తు పట్టాల గదక్కా అన్నాడు. ఈ మూడు నెలల్లో వాడు వేళాకోళం ఆడడం ఇదే మొదలు.

అయితే పాత ఫోటో ఇవ్వండి, ముందు పళ్ళు స్పష్టంగా కనిపించేది, ల్యాబ్ వాళ్ళు ఆ మచ్చలూ గీతా చూసి వేస్తారు అన్నాడు డాక్టరు.

లేదు అన్నాను. ఒక్కటీ లేదా అని అడిగాడు. అన్నీ నేను దిద్దేశాను అని చెప్పాను. ఎందుకని ఆయన అడగలేదు.

ఫోటో ఎందుకు సార్, మాయక్క ఉండాది గదా, ఇద్దరిదీ ఒకే బోరు అన్నాడు గిరీశ్.

డాక్టరు నన్ను కుర్చీలో కూర్చోమన్నాడు. అంత పెద్ద లైటు నా ముఖం మీదికి వంచాడు. ఇద్దరు స్టూడెంట్లు కూడా వచ్చి నిలబడ్డారు. నోరు తెరవండి, నవ్వండి అన్నాడు. నా కుడిచెయ్యి లేచింది. గిరీశ్ దాన్ని పట్టుకుని కిందికి దించి, అక్కా, నల్లావూ నాయిన పంచె అన్నాడు.

నవ్వొచ్చింది. ఆ లైటులో, అంతమంది ముందు, నోరంతా తెరుచుకుని నవ్వాను. కెమెరా క్లిక్ మంది. దగ్గరి నుంచి ఇంకోటి తీశారు. ఎవరూ పక్కకి తిరగలేదు. ఒక స్టూడెంటు ఆ అడ్డగీతని కొలత కూడా తీసుకుంది.

మేము బయటికి వస్తుంటే డాక్టరు ల్యాబ్‌కి ఫోన్‌లో చెప్తున్నాడు. ఫోటో ఎలా ఉందో అలాగే వాడండి, రంగు ఏమాత్రం దిద్దొద్దు అని.

సెప్టెంబర్ 1, సోమవారం

గిరీశ్ నోట్లో ఇప్పుడు నా పళ్ళు రెండు ఉన్నాయి.

అమ్మ మా ఇద్దర్నీ ఎండలో పక్కపక్కన నిలబెట్టి, చెరో చేత్తో గడ్డాలు పట్టుకుని, సంతలో ఎద్దుల పళ్ళు చూసినట్టు చూసింది. వాడి గీత మీద వేలు పెట్టి తడిమింది. నాదీ తడిమింది.

సరే, మావాడే అంది. చెయ్యి కొంగుకి తుడుచుకుని పాలు పిండడానికి పోయింది.